షుగర్-ఫ్రీలో ‘ఫ్రీ’కి తెలుగేది? రహితమా, లేనిదా?

గోదారిగట్టు:
పొట్లం మీద ‘షుగర్-ఫ్రీ’ అని ఉంటే కింద తెలుగులో ‘చక్కెర ఉచితం’ అని వేస్తున్నారు. బిస్కట్లు కొంటే చక్కెర ఊరికే ఇస్తారని కదా అర్థం! ‘ఫ్రీ’ నామవాచకానికి ముందొస్తే ఉచితమో స్వేచ్ఛో అవుతుంది: ఫ్రీ శాంపిల్, ఫ్రీ స్పీచ్. వెనక హైఫన్‌తో అతుక్కుంటే అది లేదని: డ్యూటీ-ఫ్రీ, టోల్-ఫ్రీ. ఇక్కడ ‘చక్కెర రహితం’ అనాలి. ఒక కంపెనీ బిస్కట్ పొట్లం నేను తెలుగు చేస్తున్నాను, దాని మీద అదే రాస్తాను.

పలకబలపం:
రహితం ఎందుకండీ? ‘చక్కెర లేనిది’ అంటే అందరికీ తెలుస్తుంది.

గోదారిగట్టు:
పొడి అయితే లేనిది, బిస్కట్లయితే లేనివి. ‘లేని’ అని ఆపితే పక్కన ఇంకో మాట కావాలి. రహితం దేనికైనా మారదు, ఒంటరిగా నిలుస్తుంది.

తూనికరాయి:
రెండూ తప్పే. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాము మించకపోతే షుగర్-ఫ్రీ అనొచ్చు. రహితం అంటే సున్నా అనుకుంటారు.

గోదారిగట్టు:
ఇంగ్లీషు చదివేవాళ్లూ సున్నా అనే అనుకుంటారు. మూలంలో లేని లెక్క అనువాదంలో ఎలా కలుపుతాం?

చెట్టుకింద:
ఫ్రీ, ఫ్రెండ్, మన ‘ప్రియ’ మూడింటికీ మూలం ఒకటే, తెలుసా?

పలకబలపం:
బాగుంది గానీ పొట్లం మీదికి పనికిరాదండీ. నా ఓటు ‘లేనిది’కే.

తూనికరాయి:
ఎంతసేపూ పదమేనా! లేబుల్ మీద చక్కెరలంటే సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, లాక్టోజ్ లాంటివే. మైదాలోని పిండిపదార్థం, పిండిపదార్థాన్ని విడగొట్టి చేసే మాల్టోడెక్స్‌ట్రిన్ ఆ లెక్కలోకి రావు. ఒంట్లో మాత్రం గ్లూకోజే అవుతాయి. పైగా మనవాళ్లకు ‘షుగర్’ అంటే జబ్బు పేరు కూడా. తెలుగు లిపిలో ‘షుగర్ ఫ్రీ’ అని కనిపిస్తే, షుగర్ ఉన్నవాళ్లు ఎంత తిన్నా ఫరవాలేదనుకుంటారు. రెండు బిస్కట్ల చోట ఎనిమిది తింటారు.

గోదారిగట్టు:
అంటే మీ కోపం తెలుగు మీద కాదు, ఆ మాట వాడుకోనివ్వడం మీద. అది మొదటే చెప్పాల్సింది! అనువాదకుడు నిబంధన మార్చలేడు.

తూనికరాయి:
మార్చలేడు. చదివేవాళ్లు మోసపోతారని తెలిసీ ఊరుకోకూడదు. ‘మొత్తం కార్బోహైడ్రేట్లు 100 గ్రాముల్లో ఇన్ని’ అని పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయమని కంపెనీని అడగండి.

గోదారిగట్టు:
అడుగుతాను. ‘షుగర్’ అని తెలుగులో రాయకూడదన్నది నిజం, అది నాకు తట్టలేదు. రహితం మాత్రం వదలను.