జనుము చేలో పట్టపగలు తిరిగేది సీతాకోకచిలుకా, మాత్ పురుగా?

కోవూరు కుర్రోడు:
నాట్లకు ముందు పచ్చిరొట్టకని జనుము చల్లాం, ఇప్పుడు పూత మీదుంది. అందులో మిట్టమధ్యాహ్నం రెండు రకాలు తిరుగుతున్నాయి. ఒకటి నారింజ రంగుది, రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చలు. రెండోది చిన్నది, తెల్ల రెక్కల నిండా ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు, కాలు తగిలితే లేచి కాస్త దూరం పోయి మళ్ళీ వాలిపోతుంది. ఈ రెండోది మాత్ అంటాడు మా బాబాయి. మాత్ అంటే రాత్రిపూట లైటు చుట్టూ తిరిగే మట్టి రంగు పురుగు గదా?

ఒంగోలు బయాలజీ సార్:
మీ బాబాయే కరెక్టు. రంగునీ, తిరిగే వేళనీ బట్టి తేల్చలేం, మీసాలు చూడాలి. నారింజది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక, దాని మీసం చివర అగ్గిపుల్ల తలలా లావుగా ఉంటుంది. చుక్కలది యుటెథీసా అనే మాత్, దాని మీసం చివరిదాకా సన్నగానే సాగుతుంది, వాలినప్పుడు రెక్కల్ని ఒంటి మీదికి వాల్చుకుంటుంది. మడగాస్కర్ సన్‌సెట్ మాత్ అయితే ఇంకా రంగులమయం, 1773లో డ్రూ డ్రూరీ అనే ఇంగ్లండు కీటక శాస్త్రవేత్త దాన్ని సీతాకోకచిలుక అనుకునే పేరు పెట్టాడు.

కందుకూరు అక్క:
అసలు సంగతి జనుములోనే ఉంది తమ్ముడూ. చుక్కలదాని గొంగళిపురుగు జనుము ఆకులు, కాయల్లో గింజలు తిని, వాటిలోని చేదు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా ఆ విషం పోదు. నోట పెట్టిన పిట్ట ఉమ్మేయాల్సిందే, ఇక పగలు తిరగడానికి దానికి భయమేముంది? ఆ ఎర్ర చుక్కలు సోకు కోసం కాదు, వార్నింగ్. ప్లెయిన్ టైగర్ గొంగళి పెరిగేది జిల్లేడు మీద, కానీ మగవి ఎండిన జనుము మీద వాలి అదే విషం పీల్చుకుంటాయి, ఆడవాటిని పిలిచే వాసన తయారీకి అది కావాలి మరి.

కోవూరు కుర్రోడు:
ఓహో, రెండూ మా చేలోనే ఎందుకున్నాయో ఇప్పుడర్థమైంది. మందు కొట్టాలా?

కందుకూరు అక్క:
దున్నేసే పైరుకి మందెందుకు, డబ్బులు దండగ! విత్తనానికి ఉంచుకునే మడి ఏదైనా ఉంటే మాత్రం కాయలకు బొక్కలున్నాయేమో చూసుకో.

ఒంగోలు బయాలజీ సార్:
ఇంకో మాట. డానైడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో సీతాకోకచిలుకలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ వేషంలోనే తిరుగుతుంది, ఒంట్లో విషం లేకపోయినా. వెనక రెక్క మధ్యలో నల్ల చుక్కలుంటే టైగర్, పై అంచున ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై. ఫోటో తీస్తే వెనక రెక్క కనపడేలా తీయండి.