116 గెలుపుల 2001: సియాటిల్ మ్యారినర్స్ సీజన్‌ను కళ్ళారా చూసినవారు రాయండి

బెల్వ్యూ బాటసారి:
2001లో సియాటిల్ బేస్‌బాల్ జట్టు మ్యారినర్స్ 162 ఆటలలో 116 గెలిచారు. అమెరికా బేస్‌బాల్‌లో పైస్థాయి అయిన మేజర్ లీగ్ చరిత్రలో ఒక రెగ్యులర్ సీజన్‌లో అంతకుమించి గెలిచిన జట్టు లేదు. 1906 నాటి చికాగో కబ్స్ మాత్రమే ఆ సంఖ్యను అందుకున్నారు. అయినా మన జట్టు విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళలేదు సరికదా, ఆ తరువాత 2022 వరకు, సీజన్ ముగిశాక మేటి జట్లు ఆడే ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. 2025లో వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టులో టొరంటో చేతిలో ఏడో ఆట 4-3 తేడాతో పోయినప్పటి నుంచి ఆ పాత సీజన్ ప్రస్తావన మళ్ళీ వినిపిస్తోంది. నేను ఈ ఊరికి చాలా ఆలస్యంగా వచ్చినవాణ్ణి. గణాంకాలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక, ఆ ఏడాది ఇక్కడ ఉన్నవారు తమకు గుర్తున్నది రాస్తే చదవాలని ఉంది.

రెడ్‌మండ్ పాతకాపు:
ఆ సీజన్ గురించి చెప్పాలంటే దానికి ముందు మూడేళ్ళలో పోగొట్టుకున్నది చెప్పాలి. 1998లో రాండీ జాన్సన్‌ను హ్యూస్టన్‌కు పంపేశారు. 2000 ఫిబ్రవరిలో కెన్ గ్రిఫీ జూనియర్ సిన్సినాటికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో అలెక్స్ రోడ్రిగెజ్ పదేళ్ళకు 25 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం మీద టెక్సస్ రేంజర్స్‌లో చేరాడు. ఒక తరానికి ఒక్కరు దొరికితే చాలనుకునే ఆటగాళ్ళు ముగ్గురు పోయాక ఆ జట్టు ఏం గెలుస్తుందని మా ఆఫీసులో అందరూ పెదవి విరిచినవారే. ఏప్రిల్ మధ్యలో రోడ్రిగెజ్ రేంజర్స్ చొక్కాతో మా స్టేడియం సేఫ్‌కో ఫీల్డ్‌కు తిరిగి వచ్చినప్పుడు పైఅంతస్తుల నుంచి నకిలీ డాలర్ నోట్లు వెదజల్లారు. అందులో కోపంతో పాటు కొంత వేడుక కూడా ఉంది, ఎందుకంటే అప్పటికే మేము వరుసగా గెలుస్తున్నాము. ఆ నెలలో 25 ఆటలు ఆడితే 20 గెలిచారు.

ఇక ఇచిరో. జపాన్‌లో ఒరిక్స్ బ్లూవేవ్ తరఫున వరుసగా ఏడేళ్ళు బ్యాటింగ్ టైటిల్ గెలిచినవాడే అయినా, అక్కడి నుంచి అంతవరకు ఇక్కడికి వచ్చి నిలదొక్కుకున్నవారు పిచ్చర్లే (బంతి విసిరేవారే) కనుక, ఈ సన్నటి మనిషి అమెరికా పిచ్చర్ల వేగాన్ని తట్టుకోగలడా అని పత్రికలు సందేహించాయి. క్రికెట్ చూసి పెరిగిన మాకు మాత్రం అతనే మొదట అర్థమయ్యాడు. కుడిచేత్తో బ్యాటును నిటారుగా పిచ్చర్ వైపు చాచి, ఎడమచేత్తో కుడి భుజం దగ్గర చొక్కాను ఒకసారి పైకి లాగి, ఆ తరువాతే నిలబడేవాడు. బంతి బ్యాటుకు తగిలేసరికి శరీరం సగం, పరుగెత్తి చేరవలసిన మొదటి బేస్ వైపు కదిలిపోయి ఉండేది. రెండు, మూడు బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ వైపు మామూలుగా దొర్లిన బంతికి కూడా ఫీల్డర్ కంగారుపడి విసరవలసి వచ్చేది. ఆ ఏడాది కొట్టి బేస్ చేరిన హిట్లు 242, సగటు .350, సహచరుడు బంతి కొట్టకుండానే పరుగెత్తి దొంగిలించిన బేసులు 56. ఒకే సంవత్సరంలో ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారం, అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం (ఎంవీపీ) రెండూ అందుకున్నాడు. అంతకుముందు ఆ ఘనత 1975లో ఫ్రెడ్ లిన్‌కు ఒక్కడికే దక్కింది.

బెంచి మీది ఇంజనీరు:
పాతకాపు గారు చెప్పినదానికి మరో పక్క కూడా ఉంది. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలిపోతున్న కాలంలో నేను హెచ్‌వన్‌బీ మీద వచ్చి, పేరు చెప్పనక్కరలేని ఒక కన్సల్టెన్సీ పుణ్యమా అని ప్రాజెక్టు లేకుండా బెంచి మీద కూర్చున్నాను. అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. ఇంటర్వ్యూ ఫోన్ వస్తుందేమోనని ఇల్లు కదలలేని స్థితి. సాయంత్రం ఏడు దాటగానే రేడియో పెట్టుకునేవాళ్ళం. డేవ్ నీహాస్ వ్యాఖ్యానం వింటూనే మేము బేస్‌బాల్ నేర్చుకున్నాము. 'మై ఓ మై' అని ఆయన స్వరం పెంచగానే, ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా, మంచిదేదో జరిగిందని లేచి నిలబడేవాళ్ళం. ఓడితే మరునాడు ఇంకొక ఆట ఉంటుంది, అందులో దాదాపు గెలిచేవాళ్ళే. రోజూ ఏదో ఒకటి సవ్యంగా జరుగుతోందన్న భరోసా ఆ నెలల్లో మాకు వేరే ఎక్కడా దొరకలేదు.

మరొక మాట: అందరూ ఇచిరోనే తలుచుకుంటారు గాని, రెండో బేస్‌లో ఆడిన బ్రెట్ బూన్ ఆ ఏడాది బంతిని కంచె దాటించే హోమ్ రన్లు 37 కొట్టి 141 పరుగులు తెచ్చిపెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ జేమీ మోయర్, వేగమంటూ ఏమీ లేకుండా, బ్యాటర్ తొందరపాటు మీదే బతుకుతూ 20 ఆటలు గెలిచాడు. మా గదిలో ఒకప్పుడు కాలేజీ జట్టుకు స్పిన్ వేసినవాడు మోయర్ ఆడే రోజున వంటపని పూర్తిగా మాకు వదిలేసేవాడు.

ఫ్రీమాంట్ పక్షపాతి:
నేను ఓక్లండ్ ఏస్ జట్టు మనిషిని. ఆ ఏడాది మా జట్టు 102 ఆటలు గెలిచింది. వేరే ఏ సంవత్సరమైనా డివిజన్ (లీగ్‌లో మన జట్లున్న విభాగం) గెలవడానికి అది సరిపోయేది. మీకంటే 14 ఆటలు వెనకబడి రెండో స్థానంలో మిగిలాము. ఏప్రిల్ 11న ఓక్లండ్‌లో ఇచిరో విసిరిన విసురు గురించి ఎవరూ రాయలేదేమి? టెరెన్స్ లాంగ్ మొదటి బేస్ మీద ఉన్నాడు, బంతి కుడివైపు మైదానంలోకి వెళ్ళింది, అతను మూడో బేస్ దాకా పరుగెత్తడం ఎవరైనా చేసే పనే. బంతి నేలను తాకకుండా, పెద్దగా పైకి లేవకుండా, నేరుగా మూడో బేస్ దగ్గర గ్లవ్‌లో పడింది. లాంగ్ జారుకుంటూ వచ్చేసరికి బంతి అతని కోసం ఎదురుచూస్తోంది. ఈ సంవత్సరం మనది కాదని మా వాళ్ళకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

కొలంబస్ కబుర్లు:
ఓహాయో నుంచి రాస్తున్నాను. మీకు చేదుగా ఉన్నా ఆగస్టు 5 నాటి ఆట ఈ చర్చలో ఉండి తీరాలి. క్లీవ్‌లాండ్‌లో ఆదివారం రాత్రి, మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి మ్యారినర్స్ 12-0 ఆధిక్యంలో ఉన్నారు, ఆ తరువాత అది 14-2 అయింది. రెండు జట్లూ ముఖ్యమైన ఆటగాళ్ళను కొందరిని కూర్చోబెట్టేశాయి, స్టేడియం సగం ఖాళీ అయింది. ఏడో ఇన్నింగ్స్‌లో మూడు, ఎనిమిదిలో నాలుగు, తొమ్మిదిలో అయిదు పరుగులు వచ్చాయి. ఒమర్ విజ్కెల్ మూడు బేసులూ నిండి ఉండగా, ఇద్దరు అవుటైన తరువాత, మూడో బేస్ దాకా చేర్చే ట్రిపుల్ కొట్టి 14-14 చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ 15-14తో గెలిచింది. 12 పరుగుల లోటు పూడ్చుకుని గెలవడం మేజర్ లీగ్ రికార్డును సమం చేయడమే. మధ్యలో నిద్రపోయిన మా రూమ్మేట్ పొద్దున్నే స్కోరు చూసి, అచ్చు తప్పు పడిందని వాదించాడు.

రెడ్‌మండ్ పాతకాపు:
ఆ ఆట మరునాడు ఇక్కడ ఎవరూ పెద్దగా దిగులుపడలేదని చెబితే నమ్మరు. అప్పటికి మా ఆధిక్యం అలాంటిది. సెప్టెంబరు మాత్రం వేరు. 11వ తేదీ తరువాత దాదాపు వారం పాటు దేశమంతటా ఆటలు ఆగిపోయాయి. మా గోధుమరంగు ముఖాలతో బయటికి వెళ్ళాలా వద్దా అని ఇళ్ళలో మాట్లాడుకున్న రోజులవి. 19న ఇక్కడే డివిజన్ ఖాయమయినప్పుడు షాంపేన్ చల్లుకోలేదు. ఆటగాళ్ళు మైదానం మధ్యలో పిచ్చర్ దిబ్బ చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. తరువాత మా ఆటగాడు మార్క్ మెక్‌లెమోర్ అమెరికా జెండా పట్టుకోగా అందరూ కలిసి మైదానం చుట్టూ నడిచారు. అంతమందిలో ఎవరు ఎక్కడివారని ఆ పూట ఎవరూ చూడలేదు, కనీసం మా వరుసలో.

బెల్వ్యూ బాటసారి:
చాలా సంతోషం. ఇక అందరూ తప్పించుకుంటున్న ప్రశ్న అడుగుతాను. వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టులో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఎందుకు ఓడిపోయారు? రికార్డు కోసం చివరిదాకా పరుగెత్తి అలసిపోయారన్న మాటలో నిజముందా?

బెంచి మీది ఇంజనీరు:
కొంత నిజముందనే నా అభిప్రాయం. డివిజన్ ఖాయమయ్యాక కూడా 116 మీదే చూపు నిలిచింది. అక్టోబరు 6న టెక్సస్ మీద బూన్ హోమ్ రన్‌తో 1-0గా ఆ సంఖ్యను చేరుకున్నారు, మరునాడు 117కు ప్రయత్నించి 4-3తో ఓడారు. షార్ట్‌స్టాప్ కార్లోస్ గియెన్‌కు సెప్టెంబరు చివర్లో క్షయ బయటపడింది. ప్లేఆఫ్స్ మొదలయ్యేసరికి జట్టు జూన్ నాటి జట్టు కాదు. మొదటి రౌండులోనే క్లీవ్‌లాండ్ ఒక ఆటలో 17-2తో చితక్కొట్టింది. మోయర్ రెండు ఆటలు గెలిపించకపోతే అక్కడే ఇంటికి వచ్చేవాళ్ళం.

ఎవరెట్ ఎడమచేతివాటం:
ఇంజనీరు గారితో నేను ఏకీభవించను. అలసిపోయిన జట్టు న్యూయార్క్‌లో మూడో ఆటను 14-3తో గెలవదు. సిరీస్ తిరిగింది నాలుగో ఆటలో. మా పిచ్చర్ పాల్ ఎబట్ అయిదు ఇన్నింగ్స్ వేసి, గురి తప్పిన బంతులతో ఎనిమిది మందిని ఊరికే మొదటి బేస్‌కు నడిపించి, ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అంత విచిత్రమైన పిచింగ్ నేను మళ్ళీ చూడలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బూన్ హోమ్ రన్‌తో 1-0 అయింది. ఇంకా ఆరుగురిని అవుట్ చేస్తే సిరీస్ 2-2. అదే ఇన్నింగ్స్‌లో మా ఆర్థర్ రోడ్స్ బంతిని యాంకీస్ ఆటగాడు బెర్నీ విలియమ్స్ బయటికి కొట్టాడు. తొమ్మిదిలో, ఏడాది పొడుగునా చివర్లో వచ్చి ఆధిక్యం నిలిపి 45 ఆటలు కాపాడిన మా ససాకి బంతిని అల్ఫోన్సో సోరియానో కుడి మధ్య భాగం కంచె దాటించాడు. 3-1. మరునాటి 12-3 నాకు లెక్కలోకి రాదు.

సిరీస్ మళ్ళీ సియాటిల్‌కు వస్తుందని మా మేనేజర్ లూ పినెల్లా రెండో ఆట తరువాత మాట ఇచ్చాడు. ఆ రాత్రి రెండు బంతులు అడ్డుపడకపోతే ఆ మాట నిలిచేదే. ఆరు నెలల ఆటలో ఆ రెండు బంతులు ఎవరికీ గుర్తుండవు, ఏడు ఆటల సిరీస్‌లో అవే మిగులుతాయి. 1906 నాటి కబ్స్ కూడా 116 గెలిచి, వరల్డ్ సిరీస్‌లో సొంత ఊరి వైట్ సాక్స్ చేతిలో 4-2తో ఓడిపోయారు కదా. వారిని ఎవరూ అలసిపోయారని అనరు.

ఫ్రీమాంట్ పక్షపాతి:
మీ బాధ చూసి మా బాధ కూడా గుర్తుచేస్తాను. మొదటి రౌండులో అదే యాంకీస్ మీద మేము 2-0 ఆధిక్యం సంపాదించి, తరువాతి మూడూ ఓడిపోయాము. ఆ యాంకీస్‌ను చివరికి వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో ఓడించింది అరిజోనా. ఆ సిరీస్‌లో మూడు గెలుపులు ఎవరి ఖాతాలో పడ్డాయో పాతకాపు గారికి తెలిసే ఉంటుంది: మీరు 1998లో హ్యూస్టన్‌కు పంపేసిన రాండీ జాన్సన్ ఖాతాలో.

రెడ్‌మండ్ పాతకాపు:
తెలుసు. ఆ ఏడో ఆట చివర్లో అతను మరో పిచ్చర్ స్థానంలో బంతి వేయడానికి (రిలీఫ్‌కు) నడిచి వస్తున్నప్పుడు మా ఇంట్లో ఎవరి పక్షాన ఉండాలో ఎవరికీ అనుమానం రాలేదు.