కాంపోలోని క్యాంప్ లాకెట్: పెద్దవాళ్ళతో వెళ్తే చూడ్డానికి ఏమైనా ఉందా?

ఏసీగార్డ్స్_కుర్రాడు:
శాండియాగోకి ఈమధ్యే మారాం. నాన్న వచ్చారు, బీచ్‌లంటే ఆయనకి విసుగు. మాది హైదరాబాద్ ఏసీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికన్ రౌతుల వల్ల ఆ పేటకి ఆ పేరు. ఇక్కడ కూడా, శాండియాగోకి తూర్పున కాంపో ఊళ్ళో, నల్లజాతి రౌతుల క్యాంపు ఉండేదని చెప్పగానే బయల్దేరదామంటున్నారు. అక్కడ ఏమైనా మిగిలిందా, ఖాళీ మైదానమేనా?

తూర్పుకొండల_రాజు:
మిగిలింది కొంచెమేనండి, కానీ వెళ్ళండి. పాత కట్టడాలు కొన్ని, లాయాలు ఉన్నాయి. ఇప్పటికీ గుర్రాల పోటీలు జరుగుతాయి. నాన్నగారికి మాత్రం దారిలోనే కథ చెప్పేయండి, ఎందుకంటే చూసేదానికంటే తెలుసుకునేదే అక్కడ ఎక్కువ.

1941లో కట్టారు. మెక్సికో సరిహద్దు కూతవేటు దూరం. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆ ఏడాది చివర్లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత, ఆ వైపు నుంచి ముప్పు వస్తుందేమోనని భయం ఇంకా పెరిగింది. రైలు మార్గం, డ్యాములు కాపలా కాయాలి. ఆ రాళ్ళ కొండలు చూస్తే గుర్రాలెందుకో మీకే అర్థమవుతుంది. మొదట 11వ అశ్విక దళం ఉండేది. 1942లో 10వ దళం వచ్చింది, నల్లజాతి సైనికుల్ని 'బఫెలో సోల్జర్స్' అంటారే, వాళ్ళదే, 1866లో పుట్టిన దళం. 1943లో 28వ దళాన్ని అక్కడే తయారుచేశారు. ఈ రెండు దళాల్లోనూ సైనికులు నల్లవాళ్ళు, పై అధికారులు ఎక్కువగా తెల్లవాళ్ళు.

నాకు కడుపు మండేది ఆ తర్వాతి సంగతికి. రౌతులుగా అంత శిక్షణ ఇచ్చి, 1944లో గుర్రాలు లాక్కుని ఉత్తర ఆఫ్రికాకి ఓడెక్కించారు. అక్కడ దళాలనే రద్దు చేసి, ఓడరేవు పనులకీ సామాన్ల మోతకీ పంచేశారు. యుద్ధం చేయడానికి పనికిరారన్న లెక్క! సైన్యంలో ఈ వివక్ష పోవాలని అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం ఇచ్చింది 1948లో. ఇక క్యాంపు, ఆ దళాలు వెళ్ళిపోయాక, గాయపడ్డవాళ్ళు కోలుకునే ఆసుపత్రి అయింది, 1946లో మూసేశారు. ఇటలీ, జర్మనీ యుద్ధఖైదీలనూ అక్కడ ఉంచారు.

పక్కనే రైల్వే మ్యూజియం, గాస్కిల్ రాతి కొట్టు ఉన్నాయి. తెరిచే వేళలు ముందే చూసుకోండి.

వీసా_టెన్షన్:
చరిత్ర సరే, పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) ప్రింట్ పట్టుకెళ్ళండి. తిరుగు దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ తగలొచ్చు. కాంపో దగ్గర ఫోన్ మెక్సికో టవర్ పట్టుకోవచ్చు, రోమింగ్ ఆపేయండి.

ఏసీగార్డ్స్_కుర్రాడు:
థాంక్సండి రాజుగారూ. నాన్నకి చదివి వినిపించా. "ఆ గుర్రాలు ఏమయ్యాయట?" అని అడుగుతున్నారు.

తూర్పుకొండల_రాజు:
మనుషుల కంటే ముందు గుర్రాల గురించే అడిగారా! అది మ్యూజియంలో వాలంటీర్లని అడగమనండి. వాళ్ళలో పెద్దవయసువాళ్ళే ఎక్కువ, మాటల్లో పడితే సాయంత్రం దాకా వదలరు. తిండి, నీళ్ళు వెంట ఉంచుకోండి. ఎండాకాలమైతే పొద్దున్నే బయల్దేరండి.