లాగ్‌లో మొదలైన టైమ్ ఏది పెట్టాలి?

బెజవాడ_యాంటెన్నా:
అన్నలూ, ఒక డౌటు. హామ్ రేడియోలో 20 మీటర్ల బ్యాండ్ మీద దూరపు స్టేషన్ వినపడగానే దాని కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) లాగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టి పెట్టుకుంటాను. పైలప్‌లో (ఒకే స్టేషన్‌ని చాలామంది ఒకేసారి పిలిచే గుంపులో) నా వంతు వచ్చేసరికి అరగంట దాటుతోంది. సాఫ్ట్‌వేరేమో కాల్‌సైన్ కొట్టిన టైమే మొదలుగా ఎక్కిస్తోంది. లాగ్ చూస్తే ఆయనతో తీరిగ్గా కబుర్లాడినట్టుంది! మాట్లాడింది సిగ్నల్ రిపోర్టుతో "ఫైవ్ నైన్, థాంక్యూ", అంతే.

గోదారి_మోర్స్:
నవ్వొచ్చింది గానీ తమ్ముడూ, దీన్ని వదిలేయకు. రెండు లాగుల్లో మొదలు టైములు 30 నిమిషాల తేడాలోపు ఉంటేనే ఎల్‌వోటీడబ్ల్యూ (ఇద్దరి లాగులూ పోల్చి కాంటాక్ట్ ఖాయం చేసే ఆన్‌లైన్ సేవ) జత కలుపుతుంది. ఆయన దగ్గర 14:52, నీ దగ్గర 14:15 ఉంటే కన్ఫర్మేషన్ రానే రాదు. ఆయన నీ కాల్‌సైన్ తిరిగి పలికిన నిమిషమే మొదలు. సేవ్ నొక్కేముందు ఆ గడి దిద్దు. ముగింపు టైమ్ ఎల్‌వోటీడబ్ల్యూకి అక్కర్లేదు.

ఓరుగల్లు_రేడియో:
ముగింపు అక్కర్లేదంటే నేనొప్పుకోను. పొద్దున 40 మీటర్లలో మన కబుర్లు తెలుసుగా, టీ చల్లారినా ఆగవు. మన 5:30 అంటే లాగ్‌లో రాసే ప్రపంచ సమయం యూటీసీలో 00:00. 5:10కి మొదలెట్టి 5:50కి ముగిస్తే లాగ్‌లో 23:40 నుంచి 00:20, పైగా తేదీ మారింది. లాగ్ ఫైల్ ఫార్మాట్ ఏడీఐఎఫ్‌లో ముగింపు తేదీకి విడిగా క్యూఎస్‌ఓ_డేట్_ఆఫ్ అనే గడి ఉంది. అది నింపండి. లేకపోతే మొదలవకముందే ముగిసినట్టు కనపడుతుంది.

బెజవాడ_యాంటెన్నా:
మరి కంప్యూటర్‌తో నడిపే డిజిటల్ మోడ్ ఎఫ్‌టీ8కి?

గోదారి_మోర్స్:
ఎఫ్‌టీ8 నడిపే సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ తన లాగ్ విండోలో రెండు టైములూ చూపిస్తుంది. చూసుకుని ఓకే నొక్కు. కంప్యూటర్ గడియారం మాత్రం ఇంటర్నెట్‌తో సింక్ చేసి ఉంచు, 15 సెకన్ల వంతుల ఆట అది.