రంజాన్ నెలలో పొన్నాని: పగలు వీధిలో మంచినీళ్లు తాగవచ్చా?

పెన్నా ఒడ్డు (కడప)

అందరికీ నమస్కారం. ఒక సలహా కావాలి. వచ్చే వారం కుటుంబంతో కేరళ వెళ్తున్నాం. కడపలో రైలెక్కి పాలక్కాడులో దిగి, ఇంకో రైలులో కుట్టిప్పురం చేరి, అక్కడినుంచి బస్సులో పొన్నాని. మా బావమరిది ఉద్యోగం అక్కడే. రెండేళ్లుగా రమ్మంటున్నాడు. భారతప్పుళ నది సముద్రంలో కలిసే చోటు, ఒకవైపు చేపల వేట, ఇంకోవైపు వరి పొలాలు. మన కడపలో అంతా కలగాపులగం. ఉగాదినాడు దేవుని కడప గుడికి వచ్చే ముస్లింలను, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేవారిని చూస్తూ పెరిగాను. అసలైన ముస్లింల ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఎప్పటినుంచో కోరిక.

సెలవులు మాత్రం రంజాన్ నెలలోనే దొరికాయి. అమ్మకు 66 ఏళ్లు, చక్కెర వ్యాధి ఉంది. గంటకోసారి గొంతు తడుపుకోవాలి. బాబుకు ఏడేళ్లు. ఉపవాసం ఉన్నవారి ఎదుట వీధిలో నీళ్లు తాగితే తప్పుగా అనుకుంటారా?

చిత్రావతి (ధర్మవరం)

పగలు అక్కడ చాలా హోటళ్లు మూసి ఉంటాయి. చపాతీలు కట్టుకుని వెళ్లండి. సాయంత్రం తెరిచాక పత్తిరి, తరికంజి తప్పక తినండి. కోడిగుడ్డు పచ్చసొనతో దారాల్లా చేసే ముట్టమాల కూడా.

గుత్తి మాస్టారు (అనంతపురం జిల్లా)

వెళ్లండి. కానీ వీధిలో నిలబడి మాత్రం తాగవద్దు. అనుభవంతో చెబుతున్నాను.

మూడేళ్ల కిందట రంజాన్‌లోనే నేను పొన్నాని వెళ్లాను. చేపల రేవు పక్కన, మధ్యాహ్నం రెండు గంటల వేళ. ఒక పెద్దాయన ఇసుక మీద వల పరచుకుని చిరిగిన కన్నులు అల్లుతున్నాడు. వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టి, దారం చుట్టిన చిన్న బద్దను ఒక్కో కన్నులోంచి దూర్చి ముడి బిగిస్తున్నాడు. పెదవులు ఎండి తెల్లబడి ఉన్నాయి. నేను సీసా మూత తీసి ఎత్తాను. ఆయన తల ఎత్తి చూశాడు. బొటనవేలినుంచి వల విడిపించుకుని, లేచి వచ్చి, నా మోచేయి పట్టుకుని రేకుల షెడ్డు నీడలోకి తీసుకుపోయాడు. కుర్చీ మీది ఇసుకను తుండుతో దులిపి, కూర్చోమని చేయి చూపాడు. మలయాళంలో ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. నేను తాగడం అయ్యేవరకు అటు తిరిగి నిలబడ్డాడు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఎందుకు చాటుకు తీసుకుపోయాడో నాకు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అందుకే చెబుతున్నాను, గదిలో తాగి బయటకు రండి.

కోడుమూరు రైతు (కర్నూలు జిల్లా)

నీళ్లు తాగే సంగతి పక్కన పెట్టి నీళ్లలో సాగు చూసి రండి అన్నా. నేను మా బంధువుల అబ్బాయితో వెళ్లి చూశాను. కోల్ పొలాలు అంటారు. త్రిసూరు జిల్లానుంచి పొన్నాని తాలూకా వరకు ఉన్నాయి. సముద్ర మట్టానికి అర మీటరు, మీటరు దిగువన ఉంటాయి. వానకాలమంతా చెరువులా మునిగి ఉంటాయి. వానలు వెనక్కి తగ్గాక గట్లు వేసి, నీటిని తోడి కాలువలోకి పారబోసి, తేలిన బురదలో వరి నాటుతారు. తోడే యంత్రాన్ని పెట్టీ పర అంటారు, చెక్క పెట్టెలో తిరిగే పెద్ద రెక్క. ఫిబ్రవరి, మార్చిలో పైరు పచ్చగా ఉంటుంది. కోతలు అయ్యాక వాన పడితే మళ్లీ నీరే.

మేము వెయ్యి అడుగులు బోరు వేసి, చుక్క రాక, ఆ గొట్టాన్ని అక్కడే వదిలేసి ఇంకోచోట వేస్తాం. నాకు మూడు బోర్లు ఎండిపోయాయి. అక్కడ గట్టు మీద నిలబడి, నీటిని వద్దని తోడిపోసే చప్పుడు గంటసేపు విన్నాను. ఉపవాసంలో ఉన్న రైతులే ఆ బురదలో దిగి పని చేస్తున్నారు.

దూదేకుల బిడ్డ (ప్రొద్దుటూరు)

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఆ పెద్దాయన మిమ్మల్ని చాటుకు తీసుకుపోలేదు. కూర్చోబెట్టాడు. నీళ్లు కూర్చుని తాగాలన్నది ప్రవక్త చెప్పిన మర్యాద. చిన్నప్పుడు మేము నిలబడి చెంబు ఎత్తితే మా జేజి వీపు మీద ఒక్కటి వేసి కూర్చోబెట్టేది. సొంత మనవడికి చేసేదే ఆయన మీకు చేశాడు. దాన్ని మీరు సిగ్గుపడే కథగా మార్చుకున్నారు.

ఇక అమ్మగారి సంగతి. రోగులకు, ప్రయాణికులకు ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. ఉపవాసం ఉండే వారికే మినహాయింపు ఉంటే, ఉపవాసంతో సంబంధమే లేని 66 ఏళ్ల ఆమె గొంతు ఎండగట్టుకుని తిరగాలా? 2011 జనాభా లెక్కల ప్రకారం పొన్నాని ఉండే మలప్పురం జిల్లాలో 100 మందిలో 70 మంది ముస్లింలు. మిగతా 30 మంది ఆ నెలంతా వీధుల్లోనే తిరుగుతారు, దాహం వేస్తే తాగుతారు. అమ్మగారిని ఎక్కడ దాహం వేస్తే అక్కడ తాగమనండి.

గుత్తి మాస్టారు

కూర్చోబెట్టడానికి షెడ్డు ఎందుకు? అక్కడే ఇసుకలో కూర్చోమనవచ్చు కదా. అటు తిరిగి ఎందుకు నిలబడ్డాడు?

నేను మాట్లాడేది శాస్త్రం గురించి కాదు, మనసు గురించి. మాల వేసుకుని 41 రోజులు దీక్షలో ఉన్నప్పుడు, మేము పనిచేసే చోట ఒకరు నా పక్క కుర్చీలోనే కూర్చుని రోజూ మాంసం డబ్బా తెరిచేవారు. ఆయనకు తినే హక్కు లేదని నేను అనలేదు. కానీ ఆ 41 రోజులు నేను పడిన బాధ నాకు గుర్తుంది. ఇంకొకరికి ఆ బాధ నా వల్ల కలగకూడదు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

దూదేకుల బిడ్డ

మీ దీక్ష వేరు మాస్టారూ. నీళ్లు చూసి చెదిరిపోయే రోజా, అంటే ఉపవాసం, కాదు మాది. వంట చేసే ఆడవాళ్లు రోజాలో ఉంటూనే పిల్లలకు అన్నం కలిపి పెడతారు. హోటల్లో పనిచేసేవాడు రోజాలో ఉంటూనే ఇతరులకు టీ అందిస్తాడు. మీరు దయ చూపిస్తున్నారని తెలుసు. మమ్మల్ని గాజు సామాను చేయవద్దు.

చిత్రావతి

షెడ్డు ఎందుకంటే మధ్యాహ్నం రెండు గంటలకు ఇసుక కాలుతుంది కనుక. అంతే కదా?

పెన్నా ఒడ్డు

అందరికీ ధన్యవాదాలు. కానీ ఒకరు ఔననీ ఒకరు కాదనీ అంటే నేను ఏది పాటించాలి? దూదేకుల బిడ్డ గారూ, మీరు చెప్పేది మన ప్రొద్దుటూరుకు సరిపోతుంది. అక్కడివారు నిష్ఠ ఉన్నవారు, పద్ధతి వేరు ఉంటుంది కదా.

దూదేకుల బిడ్డ

ఈ మాట కోసమే మొదటినుంచీ ఎదురుచూస్తున్నాను. మీ మొదటి సందేశంలో “అసలైన ముస్లింల ఊరు” అని రాశారు. ఇప్పుడు “అక్కడివారు నిష్ఠ ఉన్నవారు” అంటున్నారు. మేమెవరం?

పెన్నా ఒడ్డు

నేను తప్పుగా ఏమీ అనలేదు. మా స్నేహితుల్లో సగం మంది మీవాళ్లే. మీరు తెలుగు మాట్లాడతారు, మీ పేర్లలో అప్ప, అమ్మ ఉంటాయి, పీర్ల పండుగకు గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి మాతో కలిసి వస్తారు. ఇది మంచి విషయమనే నా ఉద్దేశం. వేరేగా ఉండేది ఒకటి చూడాలనుకున్నాను. దీనికి కోపం ఎందుకు?

బురుజు నీడ (కర్నూలు)

ఆయన రాసిన తీరు బాగాలేదు, అది ఒప్పుకుంటాను. కానీ దూదేకుల సోదరా, నీ కోపంలో సగం ఉర్దూ మాట్లాడే మా మీద ఉందని నాకు తెలుస్తోంది. ఉర్దూ నేర్చుకోమని మా పెద్దలు చెప్పింది తక్కువ చేయడానికి కాదు. ధర్మం తెలిపే పుస్తకాలు మనకు ఉర్దూలోనే అందుబాటులో ఉండేవి. మసీదులో చెప్పేది అర్థం కాకపోతే నష్టం ఎవరికి?

దూదేకుల బిడ్డ

ఇప్పుడు దాచకుండా చెబుతాను, ఇద్దరికీ కలిపి.

మా అబ్బ, అంటే మా నాయన వాళ్ల నాయన, విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన పేరు చివర అప్ప ఉండేది. ఐదు పూటలా నమాజు చేసేవాడు, చదివేది అరబ్బీలోనే, అర్థం చెప్పుకునేది తెలుగులో. మా అక్కకు సంబంధం చూడడానికి కర్నూలునుంచి వచ్చినవారు, ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదని తెలిసి టీ కూడా తాగకుండా లేచారు. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఆ టీ గ్లాసులు లోపలికి తిరిగి పట్టుకెళ్లింది నేనే. మరుసటి ఏడాది ప్రొద్దుటూరులో అద్దె ఇల్లు అడిగితే, మీరు సాయిబులు కదా అని ఇంటి యజమాని ఇవ్వలేదు. వీరికి మేము సాయిబులం కాము, వారికి మేము సాయిబులమే. ప్రభుత్వ జాబితాలో మేము బీసీ-బి, మిగతా ముస్లింలలో వెనుకబడినవారికి 2007లో వచ్చిన బీసీ-ఇ వేరు. కాగితం మీద కూడా పక్కనే నిలబెట్టారు.

నేను పొన్నాని వెళ్లాను. ఐదేళ్లు అయింది. అక్కడ ఇంట్లో మలయాళం, వీధిలో మలయాళం, వలలు లాగేటప్పుడు పాడుకునేది మలయాళం. అరబ్బీ లిపిని తమ భాషకు తగ్గట్టు మలచుకుని అరబీ మలయాళం అని రాసుకున్నారు. కోళికోడు ఖాజీ ముహమ్మద్ 1607లో ముహియుద్దీన్ మాల అనే భక్తి గీతం రాసింది ఆ మలయాళంలోనే. కొన్ని మదరసాల్లో పిల్లల పాఠాలు ఇప్పటికీ ఆ లిపిలో ఉన్నాయి. 16వ శతాబ్దంలో మఖ్దూములు అనే పండితుల కుటుంబం పాఠాలు చెప్పిన మసీదు మెట్ల మీద కూర్చుంటే, పక్కన ఒక కుర్రవాడు ఏ ఊరని అడిగాడు. మా ఇంటి భాష తెలుగు అన్నాను. మాకు మలయాళంలాగా అన్నాడు. అంతే. ఇంకో ప్రశ్న లేదు. నేను లేచి కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను.

పెన్నా ఒడ్డు గారూ, తల్లి భాష మాట్లాడే ముస్లింలను చూడడానికి మీరు రెండు రైళ్లు మారి వెళ్తున్నారు. అదే పని మేము చేస్తే మీకు కలగాపులగం. బురుజు నీడ అన్నా, నీకు అది లోపం.

బురుజు నీడ

మీ అక్క విషయంలో జరిగింది తప్పు. మా వాళ్లే అయి ఉండవచ్చు, నేను సమర్థించను. కానీ వారికి 400 ఏళ్లనాటి రచన ఉంది, లిపి ఉంది. మనకు తెలుగులో ఏముంది చెప్పు?

గుత్తి మాస్టారు

అనంతపురం దత్తమండల కళాశాలలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. మీరూ నేనూ పుట్టకముందే. ఏమీ లేదనవద్దు. ఎవరూ ఇంట్లో పెట్టుకోలేదని అనండి.

బురుజు నీడ

హిందూ పండితుడి అనువాదం పెట్టి మసీదులో చదవమంటారా మాస్టారూ?

గుత్తి మాస్టారు

చదవమని అనలేదు. తెలుగులో ఏముంది అని మీరు అడిగారు, చెప్పాను.

కోడుమూరు రైతు

ఆయన అడిగింది వాళ్ల అమ్మకు నీళ్ల సంగతి. అది తేల్చండి.

పెన్నా ఒడ్డు

రెండు రోజులుగా ఇక్కడ రాయలేదు. రాసిందంతా అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన చిన్నప్పటి మాట ఒకటి చెప్పింది. పుట్టిల్లు కమలాపురం దగ్గర. చలికాలం ముందు పరుపులు ఏకడానికి ఒకాయన వచ్చేవాడట. పెరట్లో చింతచెట్టు కింద విల్లు కట్టి రోజంతా ఏకేవాడు. తాడు మీద సుత్తి పడిన ప్రతిసారీ దూది లేచి చెట్టంతా తెల్లగా అయ్యేదట. దాహమని అడిగితే మా అమ్మమ్మ చెంబుతో వెళ్లి పైనుంచి పోసేది, ఆయన వంగి దోసిలి పట్టి తాగేవాడు. చెంబు ఆయన చేతికి ఇచ్చేవారు కాదు. అమ్మ వయసు ఎనిమిదేళ్లు. ఒకరోజు అమ్మమ్మ లేనప్పుడు ఆయన అడిగితే, తనకు చెంబు అంత ఎత్తు ఎత్తడం రాక చేతికి ఇచ్చేసింది. ఆయన తీసుకోలేదు. కింద పెట్టమని, పక్కకు జరిగి కూర్చున్నాడట. సాయంత్రం వరకు నీళ్లు తాగకుండానే పని చేశాడు. అమ్మ ఈ మాట ఇన్నేళ్లలో మాకెవరికీ చెప్పలేదు.

“అసలైన” అని రాసింది తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

దూదేకుల బిడ్డ

మా అబ్బ ఎర్రగుంట్ల, కమలాపురం వైపే తిరిగేవాడు. ఆయనే అని అనను, ఆ దారుల్లో ఏకేవారు చాలామంది ఉండేవారు. మీ బోటి ఇళ్లలో నీళ్లు ఎలా తాగాడో ఆయన కూడా మాకు ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మగారు మాత్రలు ఎన్ని గంటలకు వేసుకుంటారో రాయండి. అక్కడ పొద్దు గుంకేది ఆరున్నర దాటాక. హోటళ్లు ఆ తర్వాతే తెరుస్తారు. ఆ లెక్కన సాయంత్రం నాలుగింటికి తినడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

పెన్నా ఒడ్డు

ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది. రైలు శనివారం.

గుత్తి మాస్టారు

రేవు దగ్గరికి వెళ్తే ఆ రేకుల షెడ్డు ఉందేమో చూడండి. అమ్మగారిని అందులో కూర్చోబెట్టి తాగించండి. నేను ఇప్పటికీ వీధిలో వద్దనే అంటాను.