కుక్కపిల్లలను ఐదో వారంలో ఇచ్చేయవచ్చా, ఎనిమిది వారాలు ఆగాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మా వీధి కుక్క రాణి కార్తీకమాసం చివర మా ఇంటి మెట్ల కింద ఈనింది. ఆరు పిల్లలు. రెండు మగవి, నాలుగు ఆడవి. ఈ రోజుకు ముప్పై మూడు రోజులు. మగపిల్లలకు ఇంకా కళ్ళయినా తెరవకముందే మనుషులు వచ్చి మాకంటే మాకని చెప్పి వెళ్ళారు. ఆడపిల్లలను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఇంట్లో వాదన నడుస్తోంది. మా మామగారు ఇక ఇచ్చేయమంటున్నారు. పళ్ళు వచ్చాయి, మెత్తటి అన్నం తింటున్నాయి, చిన్నప్పుడే వెళ్తే కొత్త ఇంటికి తొందరగా మాలిమి అవుతాయని ఆయన మాట. ఎనిమిది వారాలు నిండేదాకా ఒక్కదాన్ని కూడా కదపనని నేను అంటున్నాను.

నా పట్టుదలకు కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఇదే రాణి ఈనినప్పుడు నెల రోజుల పిల్లను ఒక ఇంటికి ఇచ్చాను. మంచివాళ్ళే. రాత్రంతా ఏడుస్తోందని గిన్నె నిండా ఆవుపాలు పోశారట. విరేచనాలు పట్టుకున్నాయి. తొమ్మిదో రోజున పోయిందని ఫోను చేశారు. వాళ్ళను ఏమీ అనలేకపోయాను. ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో ఒక్క ముక్క చెప్పకుండా పిల్లను చేతిలో పెట్టింది నేనే కదా.

అందుకే ఈసారి దగ్గరుండి చూస్తున్నాను. పన్నెండో రోజు ఉదయం నల్ల పిల్లకు మొదటి కన్ను తెరుచుకుంది. రెప్పల మధ్య సన్నని గీత, లోపల వాన మబ్బు రంగు. సాయంత్రానికి రెండోది కూడా విచ్చుకుంది. మిగతావి రెండు మూడు రోజులు తీసుకున్నాయి. మూడో వారంలో ఇత్తడి గిన్నె కింద పడితే ఆరూ ఒక్కసారిగా తలెత్తాయి. అంతకుముందు పక్కనే టపాకాయ పేలినా వాటికి పట్టలేదు. ఇలా రోజుకొక మెట్టు ఎక్కుతున్న ప్రాణాన్ని మధ్యలో తెంచి పంపడానికి నాకు చేతులు రావడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి. ఆడపిల్లల సంగతి కూడా చెప్పండి.

పొలంగట్టు (పాతపట్నం)

అమ్మా, మీ బాధ అర్థమైంది కాని మీ మామగారి మాటే నా మాట. మా కళ్ళంలో ఇప్పటికి ఐదు కుక్కలు పెరిగాయి. అన్నీ నెల, నెలా పదిరోజుల వయసులో వచ్చినవే. చివరిది పదకొండేళ్ళు బతికింది. మొక్కజొన్న చేలో అడవిపంది అడుగుపెడితే మాకంటే ముందు లేచేది.

ఎనిమిది వారాల లెక్క ఇంట్లో మంచం కింద ఈనే కుక్కలకు సరిపోతుంది. మీ రాణి వీధి కుక్క. ఐదో వారం వచ్చేసరికి పిల్లల పళ్ళు సూదుల్లా గుచ్చుకుంటాయి, తల్లి నిలబడి పాలివ్వడమే మానేస్తుంది. తిండి వెతుక్కుంటూ అది వీధిలోకి వెళ్తుంది, వెనకాలే ఇవీ వెళ్తాయి. అక్కడ ఆటోలు ఉంటాయి, పక్క వీధి కుక్కలు ఉంటాయి, పుష్యమాసపు చలి ఉంటుంది. నాలుగో వారంలో ఆరున్న ఈతలో ఎనిమిదో వారానికి రెండే మిగలడం నేను కళ్ళారా చూశాను. బతికుండగానే ఒక ఇంటికి చేర్చడం మంచిదా, నియమం కోసం వీధిలో ఉంచడం మంచిదా? ఆలోచించండి. ఉంచితే మాత్రం పెరడు దాటకుండా సందులన్నీ మూయండి. కుక్కపిల్ల తల పట్టిన చోట ఒళ్ళు కూడా పడుతుంది.

నాగావళి (రాయగడ)

నేను డాక్టరును కాను. పశువైద్య శాఖలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుగా పని చేస్తున్నాను. ఈ కాలంలో మా దగ్గరకు వచ్చే జబ్బు పిల్లల్లో ఎక్కువ భాగం నెల, నెలన్నర వయసులో చేతులు మారినవే. అందుకే వివరంగా రాస్తున్నాను.

పుట్టిన రోజున తాగిన ముర్రుపాల వల్ల పిల్లకు తల్లి నుంచి కొంత రక్షణ వస్తుంది. అది కొన్నింటిలో ఆరో వారానికే తరిగిపోతుంది, కొన్నింటిలో పదహారో వారం దాకా ఉంటుంది. అది బలంగా ఉన్నంతకాలం మనం వేసే టీకాను పనిచేయనివ్వదు. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు కాబట్టే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి పదహారో వారం దాకా వేస్తారు. ఐదో వారంలో ఇచ్చిన పిల్ల ఒక్క టీకా కూడా పడకుండా కొత్త నేల మీదికి వెళ్తుంది. ఆ నేల మీద పార్వో వైరస్ ఉండవచ్చు. 1978లో ప్రపంచమంతా ఒక్కసారిగా బయటపడిన జబ్బు ఇది. మట్టిలో నెలల తరబడి చావదు. మామూలు ఫినాయిలుకూ లొంగదు, బ్లీచింగు కావాలి. మొదట తిండి మానేసి వాంతులు, తర్వాత రక్తంతో విరేచనాలు. చిన్న పిల్ల రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఆవుపాల సంగతి. కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కంటే రెట్టింపు ఉంటాయి, పాల చక్కెర తక్కువ. ఆవుపాలలో ఈ లెక్క తిరగబడుతుంది. పలుచటి పాలు పట్టి కడుపు నిండిందనుకుంటే పిల్ల ఎండిపోతుంది, ఎక్కువ పోస్తే పారుతుంది. మెత్తగా ఉడికిన అన్నంలో ఉప్పు కారం లేని కోడి మాంసం, గుడ్డు కలిపి రోజుకు నాలుగు సార్లు కొంచెం కొంచెం పెట్టండి. ఉల్లిపాయ తగలనివ్వవద్దు, కుక్కలకు అది విషం. నులిపురుగుల మందు రెండో వారం నుంచి రెండేసి వారాలకొకసారి పడాలి, ఇంకా వేయకపోతే రేపే వేయించండి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మీరు అమ్మడం లేదు కాబట్టి ఆ నిబంధన మీకు వర్తించదు, కాని దాని వెనుక ఉన్న కారణం వీధి కుక్క పిల్లకూ ఒకటే. తోబుట్టువుతో ఆడుతూ గట్టిగా కొరికితే అది కీచుమని ఆట మానేస్తుంది. ఎంత నొక్కితే నొప్పి పుడుతుందో పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. ఆ పాఠం రాకముందే చిన్నపిల్లలున్న ఇంటికి వెళ్తే ఆ పళ్ళు వాళ్ళ చేతుల మీద పడతాయి. ఆ గీరుడుకూ రేబిస్ భయం ఉంటుంది. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళవలసిందే, పిల్ల కుక్కే కదా అని ఊరుకోకూడదు.

అయితే మీ మామగారి మాటలోనూ నిజం ఉంది. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనశాలలో 1961లో ఒక ప్రయోగం చేశారు. పద్నాలుగు వారాలు మనిషి చెయ్యి తగలకుండా పెరిగిన పిల్లలు ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా మనిషికి సరిగా మాలిమి కాలేదు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల మనసు తెరిచి ఉంటుంది. అందుకే మెట్ల కింద దాచిపెట్టవద్దు. రోజూ చేతుల్లోకి తీసుకోండి, కుక్కరు కూతలు విననివ్వండి, బయటి మనుషుల ఒళ్ళో కూర్చోబెట్టండి. నేల మీద మాత్రం వీధిలో దింపవద్దు.

పొలంగట్టు (పాతపట్నం)

ఇన్‌స్పెక్టరు గారూ, మీరు చెప్పిన లెక్కలో ఎనిమిదో వారం పిల్లకు కూడా ఒక్క టీకాయే పడుతుంది. దానికీ పూర్తి రక్షణ లేదు. మరి మూడు వారాలు ఆపి సాధించేది ఏమిటి? మా ఊళ్ళో టీకా వేయించాలంటే ఒక పూట కూలి పోతుంది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

నాగావళి (రాయగడ)

ఒక టీకా పడిన పిల్లకూ అసలేమీ పడని పిల్లకూ మధ్య చావుబతుకుల తేడా ఉండవచ్చు. ఐదో వారంలో దాని ఒంట్లో కండ ఉండదు, ఒక రోజు విరేచనాలకే నీరంతా పోతుంది. మీ ఐదు కుక్కలూ బతికాయి, సంతోషం. బతకనివాటి లెక్క ఎవరూ రాసిపెట్టుకోరు. కూలి పోయే మాట నిజమే. అందుకే మొదటి టీకా ఇచ్చేవాళ్ళే వేయించి పంపాలని నేను అంటాను.

కొత్త కాపురం (జయపురం)

తీసుకునేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. మాది అద్దె ఇల్లు. పిల్లను పెంచుకోవాలని మూడు చోట్ల అడిగాం. సొంత ఇల్లా, జీతమెంత, రోజుకు ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు అని పరీక్ష పెట్టినట్టు అడిగారు. అద్దె అనగానే ఇవ్వమన్నారు. చివరికి రాయగడలో ఒక అక్క ఒక్కటే అడిగింది, ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా అని. ఇంటి యజమానితో ఫోనులో తానే మాట్లాడి, సరిగ్గా ఎనిమిది వారాల పిల్లను ఇచ్చింది. తల్లి పడుకున్న గోనెపట్ట ముక్క కూడా కోసి ఇచ్చింది. బస్సులో జయపురం వచ్చేదాకా పిల్ల ఆ ముక్కలో ముక్కు పెట్టుకుని నిద్రపోయింది. మొదటి రాత్రి ఏడ్చింది, రెండో రాత్రి తగ్గింది. ప్రశ్నలు అడగండి, కాని పేదరికాన్ని తప్పుగా చూడవద్దు.

బొరొంపురం కోడలు (బరంపురం)

డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఊరికే వచ్చినదాన్ని ఊరికే వదిలేస్తారు, నేను రెండు సార్లు చూశాను. పిల్ల ధర అడగకండి, టీకాకు అయిన ఖర్చు మాత్రం అడగండి. అది ఇవ్వడానికి వెనకాడేవాళ్ళు రేపు జబ్బు చేస్తే మందు కొంటారా?

పంతులుగారి అరుగు (గుణుపురం)

అమ్మాయీ, ముప్పై ఏళ్ళు బడిలో పని చేసి ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటున్నాను. నీ రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, అసలు ప్రశ్న అదే.

పోయిన ఏడాది సంక్రాంతి ముందు వంశధార ఒడ్డున ఉదయపు నడకలో ఒక గోనెసంచి కదులుతూ కనిపించింది. మూతి సుతిలి తాడుతో కట్టి ఉంది. విప్పితే నాలుగు పిల్లలు, నాలుగూ ఆడవే. రెండింటికి అప్పటికే ప్రాణం లేదు. ఆ ఇంట్లో మగపిల్లలు ఎక్కడికో క్షేమంగానే వెళ్ళి ఉంటాయి. మగదానికి ఎనిమిది వారాలా ఐదు వారాలా అని మనం ఇంతసేపు వాదించుకుంటున్నాం, ఆడదానికి ఎన్ని వారాలైనా ఎవరూ రారు.

ఎందుకు రారు? ఈతకు భయపడి. ఆ భయాన్ని తప్పు పట్టలేను. రెండు నెలల చూలు, ఈతకు ఐదారు పిల్లలు, ఏడాదికి రెండు సార్లు కూడా ఎదకు రావచ్చు. పెంచేవాళ్ళకు అది మోయలేని బరువు. ఆ బరువు మనం తీసివేయాలి. ఆరు నెలలకు గర్భసంచి ఆపరేషన్ నేనే చేయిస్తానని ఇచ్చేటప్పుడే మాట ఇవ్వు. బతికిన ఆ రెండింటినీ నేను ఆ మాట మీదే ఇచ్చాను. మాట ఇచ్చాక వారంలోనే ఇళ్ళు దొరికాయి. ముందుగా రాణికి చేయించు, తల్లీ. రెండేళ్ళలో ఇది రెండో ఈత అని నువ్వే రాశావు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

ముందు చెప్పవలసినది చెబుతాను. నలభై ఐదో రోజు ఉదయం గేటు కింద సందులోంచి ఒక పిల్ల బయటికి దూరింది. పాల వ్యాను వెనక్కి వస్తోంది. మొదట కన్ను తెరిచిన నల్ల పిల్ల అది. పొలంగట్టు గారూ, తల పట్టిన చోట ఒళ్ళు పడుతుందని మీరు రాశారు. నేను మెట్ల పక్క సందులు మూశాను, గేటు కింద చూడలేదు. ఐదో వారంలో ఇచ్చి ఉంటే అది బతికి ఉండేదేమో. ఈ మాట ఎవరూ నాతో అనలేదు, మా మామగారు కూడా అనలేదు. ఆయనే పెరట్లో మామిడి చెట్టు కింద గొయ్యి తవ్వారు.

అయినా మిగతా ఐదింటినీ ఆపాను. వయసు విషయంలో నా మనసు మారలేదు, ఉంచిన చోటు విషయంలో నాదే తప్పు. ఏడో వారంలో ఐదింటికీ మొదటి టీకా వేయించాను. ఎనిమిది వారాలు నిండాక మగపిల్లలు రెండూ వెళ్ళాయి. ఒక ఆడపిల్ల కూడా వెళ్ళింది. మగది కావాలని వచ్చిన కుటుంబానికి, ఆపరేషన్ ఖర్చు నాదని చెప్పి ఆడదాన్ని వాళ్ళ పాప ఒళ్ళో పెట్టాను. పాప దాన్ని మళ్ళీ దింపలేదు.

ఏం పెట్టాలో ఈసారి కాగితం మీద రాసి ఇచ్చాను. తీసుకున్న ముగ్గురిలో ఇద్దరు ఒడియావాళ్ళు. నాకు ఒడియా మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. పక్కింటి అమ్మాయి ఒడియాలో కుకుర ఛువా, అంటే కుక్కపిల్ల, అని పైన పెద్ద అక్షరాలతో రాసి, ఆవుపాలు వద్దన్న మాట కింద రెండు గీతలు గీసింది. గోనెపట్ట ముక్కలు కూడా కోసి ఇచ్చాను, జయపురం చెల్లెమ్మా. మాష్టారూ, రాణికి ఆపరేషన్ వచ్చే బుధవారం.

ఇంకా రెండు ఆడపిల్లలు ఉన్నాయి. గేటు కింద ప్రస్తుతానికి ఇటుకలు పేర్చాను, రోజూ పడదోస్తున్నాయి. పొలంగట్టు గారూ, కళ్ళం దగ్గర మీరు ఏమి కట్టేవారో చెప్పండి.

పొలంగట్టు (పాతపట్నం)

వెదురు దడి కట్టాలమ్మా. ఇటుకలు నిలవవు. బద్దలు దగ్గర దగ్గరగా అల్లి, అడుగున జానెడు మట్టిలోకి దించాలి, లేకపోతే గోకి కిందనుంచి వస్తాయి. మీ గేటు వెడల్పు ఎన్ని అడుగులో రాయండి. అల్లి ఆదివారం తెచ్చి నేనే కడతాను. ఆ నల్ల పిల్ల గురించి చదివాక ఐదో వారం మాట మళ్ళీ ఎత్తాలనిపించడం లేదు.