చిల్లర్, స్కిమ్మర్ లేకుండా మన ఎండల్లో రీఫ్ ట్యాంకు నిలుస్తుందా?

ఉప్పల్_వాసి:
అందరికీ నమస్తే. ఆరేళ్లుగా మంచినీళ్లలో మొక్కల ట్యాంకు నడుపుతున్నాను, ఇప్పుడు ఉప్పునీళ్లలోకి దిగి పగడాలు పెంచే రీఫ్ ట్యాంకు పెట్టాలని ఉంది. మూడడుగుల ట్యాంకు ఖాళీగానే ఉంది, రాళ్లు పోను 120 లీటర్లు పడతాయి. దుకాణంలో అడిగితే నీళ్లు చల్లబరిచే చిల్లర్, నురుగుతో మురికి లాగేసే స్కిమ్మర్, ట్యాంకు కింద ఇంకో తొట్టి (సంపు), ఇవన్నీ లేకుండా మొదలుపెట్టొద్దన్నారు. ఆ మొత్తం నా రెండు నెలల జీతం. ఇంకోపక్క నీళ్లని కదిలించే ఒక వేవ్‌మేకర్, కొన్ని రాళ్లు, మంచి లైటు చాలు, మిగతావన్నీ అమ్ముకోవడానికే అనేవాళ్లూ ఉన్నారు. మాది పై అంతస్తు, మేలో హాల్లోనే 36 డిగ్రీలు చూస్తాం. ఏసీ పడకగదిలో మాత్రమే. ఏ మాట నమ్మాలో తెలియడం లేదు, చేసి చూసినవాళ్లు చెప్పండి.

పాత_ట్యాంకు:
తమ్ముడూ, వద్దు. డబ్బు కూడే దాకా ఆగు, లేదంటే మంచినీళ్లలోనే ఉండు.
నేను కూడా నీలాగే మొదలుపెట్టాను. 90 లీటర్లు, ఒక జత క్లౌన్ ఫిష్, ఒక అనిమోన్ (పువ్వులా కనపడే సముద్రజీవి), నాలుగు రకాల పగడాలు. జనవరి నుంచి మార్చి దాకా చూడముచ్చటగా ఉండేది. ఏప్రిల్ చివర్లో నీళ్లు 31 దాటాయి, అనిమోన్ ముడుచుకుపోయింది. మే రెండో వారంలో మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది, ఇంటికొచ్చేసరికి నీళ్లు 33, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది, అదే సమయంలో ప్రాణులకు ఇంకా ఎక్కువ కావాలి. అనిమోన్ రాత్రికి చచ్చి కుళ్లింది, దాంతో అమ్మోనియా పెరిగి తెల్లారేసరికి ఒక్కటి మిగల్లేదు. మా చిన్నది అన్నం తినకుండా ట్యాంకు ముందు కూర్చుని ఏడ్చింది. అవి మనం తెచ్చుకుంటే వచ్చిన ప్రాణాలు. ఖర్చు తగ్గించుకోవడానికి వాటిని వేడినీళ్లలో పెట్టే హక్కు మనకి లేదు. 2024లో ప్రపంచమంతా పగడాలు తెల్లబడటం చూశాం కదా, సముద్రంలోనే తట్టుకోలేనివి నీ హాల్లో ఎలా తట్టుకుంటాయి?

సున్నపుతేట:
పాత_ట్యాంకు గారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆయన చెప్పినదాన్నుంచి వచ్చే నీతి చిల్లర్ కొనమని కాదని నా గట్టి నమ్మకం. ఆ ట్యాంకులో అనిమోన్ పెట్టడం ఒక తప్పు, కరెంటు పోతే గాలి అందే ఏర్పాటు లేకపోవడం ఇంకో తప్పు.

అసలు ఈ సామాను లేని పద్ధతి కొత్తగా పుట్టిందేమీ కాదు. ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1961లోనే తన పద్ధతి గురించి రాశారు. సముద్రపు నీళ్లు, ప్రాణమున్న రాళ్లు (సముద్రంలోంచి బాక్టీరియాతో సహా తెచ్చినవి), సన్నగా గాలి బుడగలు, ఎండ వెలుతురు, అంతే. అదీ మనలాంటి వేడి దేశంలో. స్కిమ్మర్‌నీ ప్రాణమున్న రాళ్లనీ కలిపిన బెర్లిన్ పద్ధతి ఆ తర్వాత వచ్చింది. రాయిలోని సన్నని రంధ్రాల్లో ఉండే బాక్టీరియానే అసలు ఫిల్టరు. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే, అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఏ ప్రాణినీ వేయకుండా ఆగగలిగితే సగం పని అయినట్టే.

నాది మల్కాజిగిరి, 110 లీటర్లు, ఇది ఐదో ఏడు. చిల్లర్ లేదు, స్కిమ్మర్ లేదు, సంపు లేదు. వెనక తగిలించే చిన్న ఫిల్టరులో దూది, బొగ్గు. రెండు వేవ్‌మేకర్లు. జోవాంతిడ్లు, మష్రూమ్ కోరల్స్, ఒక లెదర్ కోరల్ (అన్నీ మెత్తని పగడాలే), హ్యాచరీలో పుట్టిన క్లౌన్ జత, ఒక గోబీ చేప. వారానికి 10 లీటర్లు మారుస్తాను. వేడికి నేను వాడేది నీళ్ల మీదికి అడ్డంగా గాలి కొట్టే రెండు చిన్న ఫ్యాన్లు, మూత తీసేసి వల వేశాను. వేసవిలో కుండ నీళ్లు ఎందుకు చల్లబడతాయో ట్యాంకూ అందుకే చల్లబడుతుంది. ఒక్క లీటరు ఆవిరైతే 100 లీటర్ల నీళ్లలోంచి 5 డిగ్రీలకు పైగా వేడి పట్టుకుపోతుంది. గదిలోంచి వేడి మళ్లీ ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి అంతా కనపడదు గానీ, బయట 41 ఉన్న రోజున కూడా నా ట్యాంకు 28 దాటలేదు.

భీమిలి_అల:
హైదరాబాద్‌లో కుండ చల్లబడుతుంది, నిజమే. మా విశాఖలో ఉక్కపోతకి కుండ నీళ్లు కూడా పెద్దగా చల్లబడవు! ఫ్యాన్ గురించి రాసే ప్రతివాళ్లూ ఈ సంగతి వదిలేస్తారు, అది చదివి ఇక్కడి పిల్లలు ట్యాంకులు పెట్టి చంపుకుంటున్నారు. ఫ్యాన్ ఎంత చల్లబరుస్తుందనేది గాలి ఎంత పొడిగా ఉందనే దాని మీదే ఉంటుంది. కొనేముందు ఎవరైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది: మామూలు థర్మామీటరు కొసకి తడి నూలుగుడ్డ చుట్టి, ట్యాంకు పెట్టబోయే చోట టేబుల్ ఫ్యాన్ ముందు పది నిమిషాలు ఉంచండి, మధ్యాహ్నం మూడింటికి. అది ఏ అంకె చూపిస్తే అంతకంటే కిందికి మీ ఫ్యాన్ నీళ్లని ఎప్పటికీ దించలేదు, నిజానికి రెండు మూడు డిగ్రీలు పైనే ఆగుతుంది.
మా ఇంట్లో మేలో గది 33 ఉంటే తడిగుడ్డ 29 చూపించింది. అందుకే నేను ట్యాంకుని ఏసీ గదిలోకి మార్చుకున్నాను.

పాత_ట్యాంకు:
అక్క చెప్పిన పరీక్ష బాగుంది, నాకు పదేళ్ల క్రితం ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కానీ సున్నపుతేట గారూ, ఫ్యాన్‌తో ఆవిరయ్యే నీళ్ల సంగతి మీరు తేలిగ్గా దాటేశారు. మీకు ఎండాకాలంలో రోజుకి ఎంత పోతుంది? నీళ్లే పోతాయి, ఉప్పు పోదు. రోజుకి 3 లీటర్ల చొప్పున నాలుగు రోజులు ఎవరూ పోయకపోతే 120 లీటర్లు 108 అవుతాయి, వెయ్యికి 35 వంతులు ఉండాల్సిన ఉప్పు 39 దగ్గరికి పోతుంది. వేసవి సెలవులకి ఊరెళ్తాం, పెళ్లిళ్లకి వెళ్తాం, ఆ నాలుగు రోజులూ ఎవరు పోస్తారు? ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. సామాను అక్కర్లేదని రాసే మగవాళ్ల ఇళ్లలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా ఆ ట్యాంకుని చూసేది అమ్మో భార్యో. యంత్రం చేయాల్సిన పని వాళ్ల చేతుల మీద పడుతుంది. ఖర్చు తగ్గిందని లెక్క వేసేటప్పుడు వాళ్ల పనిని ఏ పద్దు కింద రాశారు?

డల్లాస్_తెలుగు:
ఇక్కడ నేనూ చిల్లర్ లేకుండానే నడుపుతున్నాను. అయితే మా ఇల్లంతా వేసవి పొడుగునా 24 గంటలూ ఏసీలోనే ఉంటుంది. వీడియోల్లో అమెరికావాళ్లు చిల్లర్ అక్కర్లేదని చెబుతుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, వాళ్ల చిల్లర్ ఇంటి గోడకే ఉంది.

సున్నపుతేట:
పాత_ట్యాంకు గారూ, కోపం ఏమీ లేదు. మీరన్నది నిజం. మొదటి రెండేళ్లు మధ్యాహ్నం నీళ్లు పోసింది మా అమ్మే, ఆ సంగతి నేను పైన రాయాల్సింది. మేలో రోజుకి 3 లీటర్ల పైనే పోయేది. ఇప్పుడు పక్కన 20 లీటర్ల డబ్బా, నీటిమట్టం తగ్గితే పంపు వేసే ఫ్లోట్ స్విచ్, చిన్న పంపు పెట్టాను, ఐదారు రోజులు దానంతట అదే సరిపెట్టుకుంటుంది. చిల్లర్ ధరలో ఇది ఏ మూలకూ రాదు. కాబట్టి నా మాట ఇలా మార్చుకుంటాను: స్కిమ్మర్ లేకపోయినా పర్లేదు, నీళ్లు నింపే ఏర్పాటు లేకుండా మాత్రం మన ఎండల్లో ఫ్యాన్ పద్ధతి మొదలుపెట్టొద్దు.

పోసే నీళ్ల గురించి కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. బోరు నీళ్లు వద్దు. వంటింటి ఆర్వో నీళ్లు వాడొచ్చు, కానీ ఈ మధ్య నీళ్లలో రాగి కలిపే ఆర్వోలు వస్తున్నాయి, అవి మనుషులకి ఎలా ఉన్నా పగడాలకీ రొయ్యలకీ నత్తలకీ విషం. రాగి బిందెలో పట్టి పోయడం, ఇత్తడి చెంబుతో పోయడం కూడా అంతే. ఏసీ నుంచి కారే నీళ్లు శుద్ధమైనవి కదా అంటారు, అవి రాగి గొట్టాల మీద నుంచే జారి వస్తాయి, వద్దు. చాలా ఆర్వోల్లో రుచి కోసం మామూలు నీళ్లు కొంచెం కలిపే మీట ఉంటుంది, దాన్ని పూర్తిగా మూయించి టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల అంకె) చూసుకోండి.

కరెంటు విషయానికొస్తే, వేవ్‌మేకర్ తినేది 5 నుంచి 10 వాట్లే, ఇంటి ఇన్వర్టర్ లైనుకి కలిపితే ఫ్యాన్లతో సహా రాత్రంతా నడుస్తుంది. ఇది చేయడానికి ఎలక్ట్రీషియన్‌కి అరగంట చాలు. వేసవిలో మేత సగానికి తగ్గించండి, స్కిమ్మర్ లేని ట్యాంకులో మేతే మురికి. వెంట్రుకల్లాంటి నాచు వచ్చిందంటే మందు కోసం వెతక్కుండా ముందు మీ చెయ్యి ఎంత వేస్తోందో చూడండి.

తీరం_చదువు:
నేను సముద్ర జీవశాస్త్రం చదువుతున్నాను, ఇక్కడ అందరూ వేడి గురించే మాట్లాడుతున్నారు గానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఏ ప్రాణిని ఇంటికి తేవచ్చు అనేది. మన వన్యప్రాణి రక్షణ చట్టం 1972 నాటిది, 2001లో రాతి పగడాలన్నింటినీ, సముద్రపు విసనకర్రల్నీ, నల్ల పగడాల్నీ షెడ్యూల్ 1లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. సముద్రగుర్రాల్ని కూడా అప్పుడే చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచి, అండమాన్ నుంచి వచ్చిన రాయి అని దుకాణంలో గొప్పగా చూపిస్తే అది గొప్ప కాదు, నేరం. చచ్చిన పగడపు రాయి అయినా అంతే. దిగుమతి సరుకు అని చెప్పినా కాగితాలు అడగండి. సున్నపుతేట గారు పెంచే మెత్తని రకాలు, అవీ ఇంకొకరి ట్యాంకులో పెరిగిన ముక్కలు, తెలిసినవాళ్ల దగ్గర తీసుకోవడం వేరు. క్లౌన్ ఫిష్‌ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు హ్యాచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించారు, సముద్రంలో పట్టినదాన్ని కొనాల్సిన అవసరమే లేదు.

ఇంకొకటి, దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. జోవాంతిడ్లలో కొన్నింటికి, ముఖ్యంగా పాలిథోవా రకానికి, పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. చేతికి తొడుగు, కళ్లకి అద్దాలు లేకుండా కోయొద్దు. నాచు వదిలించడానికి ఆ రాయిని వేడినీళ్లలో మరిగించారంటే ఆ ఆవిరి పీల్చి ఇంట్లోవాళ్లంతా ఆస్పత్రి పాలవుతారు. వేరే దేశాల్లో ఇలా జరిగింది.

ఉప్పల్_వాసి:
చట్టం సంగతి నాకు నిజంగా తెలియదు. దుకాణంలో నాకు చూపించింది సముద్రం నుంచి తెచ్చిన రాయే. మరి రాయి లేకుండా ఎలా? ఇంకా, భీమిలి అక్కా, మా బావ నెలనెలా విశాఖ నుంచి కారులో వస్తాడు, సముద్రపు నీళ్లు తెప్పించుకుంటే ఉప్పు ఖర్చు తగ్గుతుందా?

సున్నపుతేట:
రాయి నేనే పోశాను. తెల్ల సిమెంటు ఒక వంతు, ఆలిచిప్పల నలుసు మూడు వంతులు, రాళ్లుప్పు ఒకటిన్నర వంతు, తడి ఇసుకలో గుంటలు చేసి పోస్తే ముద్దలుగా వస్తాయి. ఉప్పు కరిగిపోయి రంధ్రాలు మిగులుతాయి. ఆ తర్వాత ఓపిక కావాలి, డ్రమ్ములో నీళ్లు మారుస్తూ ఆరు నుంచి ఎనిమిది వారాలు నానబెట్టాలి, లేకపోతే సిమెంటు సున్నం పీహెచ్‌ని పైకి తోసేస్తుంది. నానిన రాళ్లతో పాటు నాలాంటివాళ్ల ట్యాంకు నుంచి ఒక పిడికెడు ఇసుక వేసుకుంటే బాక్టీరియా వస్తుంది, అది నేను ఇస్తాను.
నా పేరు చూసి అడిగేవాళ్ల కోసం: సున్నపు తేట అంటే కాల్షియం హైడ్రాక్సైడ్‌ని ఆర్వో నీళ్లలో కలిపి, పేరుకున్నాక పైన తేరిన నీళ్లు. రాత్రిపూట చుక్కచుక్కగా పడనిస్తే కాల్షియం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణం) రెండూ నిలబడతాయి. తాంబూలం సున్నం వాడొద్దు, అందులో ఏం కలిసిందో మనకి తెలియదు. మెత్తని పగడాలకైతే మొదటి ఏడాది దీని అవసరమే రాదు, నీళ్లు మార్చడమే చాలు.

భీమిలి_అల:
తమ్ముడూ, సముద్రపు నీళ్లు నేను వాడతాను, ఒడ్డున బిందె ముంచి కాదు. పడవవాళ్లకి డబ్బాలిస్తే కెరటాలు దాటి బాగా లోపలికి వెళ్లాక నింపి తెస్తారు, హార్బరు వైపు నీళ్లు మాత్రం ఎప్పుడూ తీసుకోను. గుడ్డలో వడకట్టి చీకట్లో రెండు వారాలు ఉంచి వాడతాను. అక్టోబరు, నవంబరుల్లో నదుల వరద నీళ్లు కలిసి మా తీరంలో ఉప్పు బాగా పడిపోతుంది, కొలవకుండా పోస్తే పగడాలు ముడుచుకుంటాయి. నీకు కారులో 20 లీటర్ల డబ్బాలు మోయించడం కన్నా ప్యాకెట్ ఉప్పే నయం, లీటరుకి 36, 37 గ్రాములు, వారానికి 10 లీటర్లకి మూడొందల డెబ్బై గ్రాములు. డబ్బు మిగిల్చాలంటే ఉప్పు దగ్గర కాదు, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు మాత్రం మంచిది కొను, ఉప్పు సరిగ్గా 35 ఉన్న ద్రావణంతో సరిచూసుకో.

ఉప్పల్_వాసి:
నిన్న మధ్యాహ్నం మూడింటికి తడిగుడ్డ పరీక్ష చేశాను. హాల్లో 35, గుడ్డ చుట్టిన థర్మామీటరు 24. అదే రోజు వంటింటి పక్క గోడ దగ్గర 27 చూపించింది, అక్కడ గాలి ఆడదు, నేను ట్యాంకు పెట్టాలనుకున్నది సరిగ్గా అక్కడే. హాల్లో కిటికీ పక్కకి మారుస్తున్నాను, ఎండ నేరుగా పడకుండా అట్ట కట్టి.
ఇప్పుడు మొదలుపెట్టడం లేదు. ఎండలు తగ్గే దాకా రాళ్లు పోసి నానబెట్టుకుంటాను, జులైలో నీళ్లు నింపుతాను. ఫ్లోట్ స్విచ్, ఇన్వర్టర్ లైను ముందే వేయించుకుంటాను, అమ్మతో మాట్లాడాను, ఆ డబ్బా నింపే పని నాదే. అనిమోన్ వద్దు.

పాత_ట్యాంకు:
సరే తమ్ముడూ. వచ్చే మే గడిచాక నీ ట్యాంకులో ఎన్ని బతికున్నాయో ఉన్నదున్నట్టు ఇక్కడే రాయి. ఈలోగా నా పాత వేవ్‌మేకర్ ఒకటి పనిచేస్తూనే అటక మీద ఉంది, తార్నాకలో వచ్చి తీసుకెళ్లు.